జడ్13 మెయిన్‌ఫ్రేమ్ మీద జడ్/ఓఎస్ 2.4 ఉంది, జడ్16కీ 3.1కీ పోవాలి, ముందు ఏది కదిలించాలి?

కావలి కుర్రోడు
2025 జనవరి 17, రాత్రి 10:40

సంక్రాంతి సెలవలు అయిపోయి లాగిన్ అవగానే మేనేజర్ మెయిల్ చూశా, అప్పట్నుంచి మనసు మనసులో లేదు, అందుకే ఇక్కడ పెడతన్నా. నేను కావలి నుంచే పనిచేస్తా, కరోనాకి ఇంటికొచ్చినోణ్ణి మళ్లీ వెనక్కి పిలవలా. క్లయింట్ అమెరికాలో ఇన్సూరెన్స్ వాళ్లు, పేరొద్దు. ఉండేది ఒక జడ్13, అందులో రెండు ప్రొడక్షన్ ఎల్‌పార్‌లు (ఒకే మెషీన్‌ని పంచి చేసిన విడి సిస్టమ్‌లు) ఒకే సిస్‌ప్లెక్స్ (కలిసి ఒకటిగా పనిచేసే గుంపు), వాటి మధ్య డేటా పంచే కప్లింగ్ ఫెసిలిటీలు రెండూ అదే బాక్సులో, ఒక టెస్ట్ ఎల్‌పార్, ఒక చిన్న శాండ్‌బాక్స్. డీఆర్ సైట్‌లో (అసలుది పడిపోతే ఆదుకునే చోటు) ఇంకో జడ్13. అన్నిట్లోనూ ఆపరేటింగ్ సిస్టమ్ జడ్/ఓఎస్ 2.4, దానికి మామూలు సపోర్టు 2024 సెప్టెంబర్‌తో అయిపోయింది, ఎక్స్‌టెండెడ్ సపోర్టుకి డబ్బు కట్టుకుంటా నెట్టుకొస్తన్నారు.

ఇప్పుడు జడ్16 కొంటన్నారు. మే నెలాఖరులో మెమోరియల్ డే లాంగ్ వీకెండ్ వస్తది కదా, దాంట్లో కొత్త బాక్సు, 3.1 రెండూ ఒకే దెబ్బకి అయిపోవాలంట, బిజినెస్ వాళ్లని రెండుసార్లు ఆపమని అడగలేరంట. అక్కడ ఏళ్ల తరబడి సిస్ప్రాగ్‌గా (సిస్టమ్ ప్రోగ్రామర్) ఉన్నాయన పోయినేడాది రిటైర్ అయ్యాడు. నేను పీటీఎఫ్‌లు (ఐబీఎం ఇచ్చే ఫిక్స్‌లు) వేశా, 2.3 నుంచి 2.4కి పోయినప్పుడు ఆయన పక్కన కాల్‌లో కూర్చుని చూశా, అంతే. బాక్సు మార్చడం ఎప్పుడూ చెయ్యలా. ఒకేసారి చెయ్యొచ్చా? చెయ్యకూడదంటే మేనేజర్‌కి ఏం చెప్పి ఒప్పించాలి?

కొత్తపట్నం రోడ్డు
2025 జనవరి 17, రాత్రి 11:25

వద్దు అబ్బాయ్. నేను ఎంవీఎస్/ఈఎస్ఏ రోజుల నుంచి ఈ పని చేసి ఒంగోల్లో రిటైర్ అయి కూర్చున్నా, రెండూ కలిపి చేసినోళ్లని చూశా, సోమవారం పొద్దున వాళ్ల మొహాలూ చూశా. కలిపి చేస్తే వచ్చే కష్టం ఏందంటే, ఆదివారం సాయంత్రం ఒక సీఐసీఎస్ రీజియన్ (ఆన్‌లైన్ ట్రాన్సాక్షన్లు నడిపేది) నిదానంగా కదులుతుంటే అది కొత్త బాక్సు వల్లనా, కొత్త ఓఎస్ వల్లనా, లేక ఇంకెవడో మార్చిన పారామీటర్ వల్లనా నువ్వు చెప్పలేవు. వెనక్కి పోదాం అంటే ఏదాన్ని వెనక్కి పెట్టాలో తెలీదు.

నీ కేసులో ఇంకో సంగతి ఉంది, ఏది ముందు అనేది నీ చేతుల్లో లేదు. 3.1 ఎక్కాలంటే కనీసం జడ్14 కావాలి, జడ్13 మీద అది లేవనే లేవదు. కాబట్టి ముందు ఓఎస్ అనే మాటే లేదు. అదే 2.4 మాత్రం జడ్16 మీద సరైన పీటీఎఫ్‌లు ఉంటే బ్రహ్మాండంగా నడుస్తది, ఎందుకంటే జడ్16 వచ్చింది 2022లో, అప్పటికి 2.4 సర్వీసులోనే ఉంది. సో ముందు బాక్సు మార్చు, 2.4తోనే కొన్ని వారాలు నడిపి నెలాఖరు బ్యాచ్ కూడా ఒకటి దాటించు, ఆ తర్వాత 3.1. 2.4 నుంచి 3.1కి నేరుగా పోవచ్చు, రెండు రిలీజుల వెనక దాకా కోఎగ్జిస్టెన్స్ (పాతా కొత్తా పక్కపక్కన నడవడం), ఫాల్‌బ్యాక్ (వెనక్కి రావడం) ఇస్తారు, మధ్యలో 2.5 మీద దిగాల్సిన పన్లేదు.

పెన్నా ఒడ్డు
2025 జనవరి 18, ఉదయం 7:05

సార్ చెప్పింది కరెక్టే కానీ ఒక్కటి వదిలేశారు. డీఆర్‌లో ఉండేది కూడా జడ్13 అన్నాడు కదా. ప్రొడక్షన్ 3.1కి పోయిన రోజు నుంచి ఆ డీఆర్ బాక్సు కొరగాదు. డిస్కులు మిర్రర్ అయి అక్కడికి చేరతాయి, ఐపీఎల్ కొడితే (సిస్టమ్ బూట్ చేస్తే) లేవదు. ఆడిటర్ అడిగితే ఏం చెప్తారు? తమ్ముడూ మీ డీఆర్ బాక్సు ఎప్పుడు మారస్తన్నారు?

అది చాలా ఆలస్యం అయ్యేట్టుంటే నా ఓటు 2.5కి. 2.5 జడ్13 మీద నడుస్తది, జడ్16 మీదా నడుస్తది, 2026 సెప్టెంబర్ దాకా మామూలు సపోర్టు ఉంది, ఎక్స్‌టెండెడ్ డబ్బులు మిగుల్తాయి. ముందు 2.5, తర్వాత బాక్సు, డీఆర్ మారినాక నింపాదిగా 3.1.

కావలి కుర్రోడు
2025 జనవరి 18, ఉదయం 9:30

అన్నా డీఆర్ గురించి నేను అసలు ఆలోచించలా, మీరు అడిగాక పొద్దున్నే అక్కడి వాళ్లకి మెసేజ్ పెట్టా. డీఆర్ బాక్సు బడ్జెట్ వచ్చే ఏడాదికి రాసుకున్నారంట. అంటే మేలో 3.1 ఎక్కిస్తే 2026 దాకా డీఆర్ లేనట్టే. ఈ ఒక్క మాటతో మేనేజర్ దిగొస్తాడు అనుకుంటన్నా.

కొత్తపట్నం రోడ్డు
2025 జనవరి 18, ఉదయం 10:10

పెన్నా ఒడ్డు బాబూ, డీఆర్ సంగతి పట్టుకున్నావ్, సంతోషం, నేను వదిలేసిన మాట నిజం. కానీ 2.5 దారి తెరిచుందో లేదో ముందు చూడాలి. కొత్త రిలీజ్ వచ్చాక కొన్ని నెలలకి పాతదాన్ని ఆర్డర్ చెయ్యనివ్వరు. 3.1 వచ్చింది 2023 సెప్టెంబర్‌లో. కావలి అబ్బాయ్, మీ వాళ్లు అప్పుడే 2.5 ఆర్డర్ చేసి సర్వర్‌పాక్ (ఇన్‌స్టాల్ ప్యాకేజీ) దించి పెట్టుకున్నారా?

కావలి కుర్రోడు
2025 జనవరి 18, ఉదయం 10:40

లేదు సార్. పాతాయన 2.5 వదిలేసి నేరుగా 3.1కి పోదాం అనుకున్నాడంట, ఆర్డర్ చెయ్యలా.

పెన్నా ఒడ్డు
2025 జనవరి 18, ఉదయం 10:52

అయితే నా దారి మూసుకుపోయింది. సార్ చెప్పిన వరసే ఖాయం: ప్రొడక్షన్ బాక్సు మార్చడం, డీఆర్ బాక్సు మార్చడం, 3.1. మధ్యలో ఉన్న డీఆర్ బడ్జెట్‌ని ఈ ఏడాదికి జరిపించడమే మీ మేనేజర్ చెయ్యాల్సిన అసలు పని, అవుటేజ్‌లు లెక్కేసుకోవడం కాదు. 2.4కి కట్టే ఎక్స్‌టెండెడ్ డబ్బు నెలకి ఎంతో చూపించి, డీఆర్ ఆలస్యమైతే అది ఎన్ని నెలలు కట్టాలో పక్కన రాసివ్వు, ఫైనాన్స్ వాళ్లకి ఆ భాష అర్థమవుద్ది.

చీమకుర్తి రాయి
2025 జనవరి 18, మధ్యాహ్నం 3:15

నేను డేటా సెంటర్ ప్లానింగ్, ఐఓ కాన్ఫిగరేషన్ సైడు. బాక్సు మార్పిడి గురించి ఎవరూ మాట్లాడలేదు కాబట్టి నేను రాస్తా, కొంచెం పెద్దదే.

మొదటిది, జడ్13ని అప్‌గ్రేడ్ చేసి జడ్16 చెయ్యలేరు, జడ్14, జడ్15 వాటికే ఆ దారి ఉంది. సో వచ్చేది పూర్తిగా కొత్త మెషీన్, కొత్త సీరియల్ నంబర్. ఈ సీరియల్ మారడం అనేది చాలా చోట్ల తగుల్తది, చెప్తా. ఇంకోటి, జడ్16కి కప్లింగ్ లింకులు జడ్14, జడ్15 లతోనే కలుస్తాయి, జడ్13తో కలవవు. అంటే ఒక ఎల్‌పార్‌ని కొత్త దాంట్లోకి తెచ్చి ఇంకోటి పాతదాంట్లో ఉంచి, ఒకటొకటిగా సిస్‌ప్లెక్స్‌ని జరుపుదాం అనే కోరిక ఉంటే తీసెయ్యండి. రెండు ప్రొడక్షన్ సిస్టమ్‌లూ ఒకేసారి దిగాలి, ఒకేసారి అక్కడ లేవాలి. ఈ అవుటేజ్ తప్పదు.

కేబుల్స్ సంగతి. జడ్16లో కొత్తగా వచ్చే ఫైకాన్ కార్డు (డిస్కులు, టేపులు తగిలించేది) ఎక్స్‌ప్రెస్32ఎస్, అది 32, 16, 8 గిగాబిట్ స్పీడ్‌ల్లో కుదురుకుంటది, 4కి దిగదు. మీ దగ్గర ఏ మూలనో 4 గిగ్ పాత టేప్ కంట్రోలరో, ప్రింటరో నేరుగా మెషీన్‌కి తగిలించి ఉంటే అది లింక్ రాదు, మధ్యలో స్విచ్ పెట్టాలి లేదా దాన్ని రిటైర్ చెయ్యాలి. ఇది పేపర్ మీద కనపడదు తమ్ముడూ, డేటా సెంటర్‌లో ఉన్న మనిషిని పంపించి ప్రతి కేబుల్ రెండో చివర ఏముందో చూసి రాయమను, ఫోటో తీయమను. నేను చేసిన ఒక సైట్‌లో ఐదేళ్ల క్రితం తీసేశాం అన్న డివైస్ ఒకటి ఇంకా పొద్దుటి చెక్కులు ప్రింట్ చేస్తా ఉండేది.

హెచ్‌సీడీలో (ఐఓ కాన్ఫిగరేషన్ రాసే టూల్) కొత్త ప్రాసెసర్ డిఫైన్ చేసి, ఐబీఎం వాళ్లు ఇచ్చే కాన్ఫిగరేషన్ ఫైలుతో సీహెచ్‌పిడ్ (ఐఓ చానల్ నంబర్) మ్యాపింగ్ టూల్ నడపండి, ఒక కంట్రోల్ యూనిట్‌కి పోయే పాత్‌లన్నీ ఒకే ఐఓ డ్రాయర్‌లో పడకుండా అది చూసుకుంటది. డివైస్ నంబర్లు, ఎల్‌పార్ పేర్లు మాత్రం మార్చొద్దు, ఎంత నీట్‌గా ఉంటదని ఎవరు చెప్పినా సరే.

కొత్తపట్నం రోడ్డు
2025 జనవరి 18, సాయంత్రం 6:20

చీమకుర్తి ఆయన చెప్పిన సీరియల్ నంబర్ విషయానికి నేను రెండు కలుపుతా, ఈ రెండూ నన్ను ఏడిపించినవే.

ఒకటి సీఎఫ్‌ఆర్‌ఎం పాలసీ, అంటే కప్లింగ్ ఫెసిలిటీల (సీఎఫ్) వివరాలు రాసే చోటు. కప్లింగ్ ఫెసిలిటీని అందులో డిఫైన్ చేసేటప్పుడు మెషీన్ టైపు, సీక్వెన్స్ నంబర్, పార్టిషన్ అన్నీ రాస్తాం. జడ్13 టైపు 2964, జడ్16 టైపు 3931, సీక్వెన్స్ కూడా వేరు. పాత పాలసీతో పోతే కొత్త బాక్సులో సీఎఫ్ లేచి కూర్చున్నా సిస్టమ్ దాన్ని గుర్తుపట్టదు. పాత సీఎఫ్‌లూ, కొత్త సీఎఫ్‌లూ వేరే పేర్లతో రెండూ ఉన్న పాలసీ ముందే రాసిపెట్టుకుని, స్ట్రక్చర్ల (సీఎఫ్‌లో ఉండే, సిస్టమ్‌లు పంచుకునే డేటా భాగాలు) ప్రిఫరెన్స్ లిస్టులో కొత్త పేర్లు కూడా కలపండి. డీబీ2 (డేటాబేస్) డేటా షేరింగ్ ఉంటే మెంబర్లందర్నీ శుభ్రంగా స్టాప్ చేసి దించండి, తొందరపడి క్యాన్సిల్ కొడితే అవతల లేచేటప్పుడు చానా సేపు తినేస్తది.

రెండోది ఇంకా చిన్నది, ఇంకా ప్రమాదం. ఐపీఎల్ అప్పుడు చదివే లోడ్ మెంబర్లోనూ, సింబల్స్ (పేర్లకి మారు గుర్తులు) రాసే ఐఈఏసిమ్‌లోనూ హెచ్‌డబ్ల్యూనేమ్ అని ఒకటి ఉంటది, హెచ్‌సీడీలో ప్రాసెసర్‌కి ఇచ్చిన పేరు. ఈ ఎల్‌పార్ ఈ పేరు గల బాక్సులో ఉంటేనే ఈ సింబల్స్ తీసుకో అని ఫిల్టర్. కొత్త బాక్సుకి కొత్త పేరు పెడతారు కదా. నేను ఒకసారి ఐపీఎల్ కొట్టా, ఎర్రర్ ఏమీ లేదు, మెసేజ్‌లు వరసగా పోతన్నాయి, నిమిషం తర్వాత చూస్తే కన్సోల్‌లో సిస్టమ్ పేరు వేరేది పడతా ఉంది. పాత పేరుకి రాసిన స్టేట్‌మెంట్ మ్యాచ్ కాక, కింద ఎప్పటిదో డిఫాల్ట్ పట్టుకుంది. ఆ పేరుతో ఉన్న డేటాసెట్లు (ఫైళ్లు) తెరవబోతా ఉంది. అప్పుడే రీసెట్ కొట్టా, అంతే, చెమటలు పట్టాయి. పార్మ్‌లిబ్ (సిస్టమ్ పారామీటర్ల లైబ్రరీ) మొత్తంలో పాత ప్రాసెసర్ పేరు, పాత సీరియల్, 2964 అనే అంకె మూడూ సెర్చ్ కొట్టించు. ప్రాక్‌లిబ్ (జాబు ప్రొసీజర్ల లైబ్రరీ), ఆటోమేషన్ రూల్స్, రెక్స్ ఎగ్జెక్‌లు (స్క్రిప్టులు) కూడా.

మాగుంట లేఅవుట్
2025 జనవరి 18, రాత్రి 8:45

ఆపరేషన్స్, షెడ్యూలింగ్ సైడ్ నుంచి నాదొకటి. నెల్లూర్లోనే ఉంటా. అందరూ చెప్పే ఐఎస్‌వీ కీల (బయటి కంపెనీల సాఫ్ట్‌వేర్ లైసెన్స్ కీలు) సంగతే, కానీ ఎట్టా తగుల్తదో చెప్తా.

నేను వెనకటి క్లయింట్ దగ్గర ఉన్నప్పుడు ఇట్టాగే బాక్సు మార్చారు. సాఫ్ట్‌వేర్ కంపెనీల లిస్టు ఎక్సెల్‌లో ఉంది, అన్నిటికీ కొత్త సీరియల్‌కి కీలు తెప్పించారు, అన్నీ గ్రీన్. ఆదివారం మాకు పొద్దున ఐదున్నరకి ఐపీఎల్ అయింది, తొమ్మిది కల్లా అందరూ కాల్ నుంచి వెళ్లిపోయారు, ఉగాది దగ్గర్లో ఉంది, మా ఇంట్లో సున్నాలు వేస్తన్నారు. మధ్యాహ్నం బ్యాచ్ మొదలైనాక టేప్ మేనేజ్‌మెంట్‌కి సంబంధించిన ఒక చిన్న యాడ్ఆన్, దాని పేరు లిస్టులో లేదు, ఎందుకంటే అది వేరే ప్రాడక్ట్‌తో పాటు ఫ్రీగా వచ్చిందంట, అది ఈ సీపీయూకి లైసెన్స్ లేదని మెసేజ్ ఇచ్చి ఆగిపోయింది. దాని వెనక నూట చిల్లర జాబులు క్యూలో. ఆ సాఫ్ట్‌వేర్ వాళ్ల వీకెండ్ నంబర్‌కి ఫోన్ చేస్తే సేల్స్ వాళ్లు అప్రూవ్ చెయ్యాలి, సోమవారం రండి అన్నారు. సోమవారం సాయంత్రం దాకా ఆ జాబులన్నీ చేత్తో ఆపి, చేత్తో వదిలి నడిపించాం.

అప్పటి నుంచి నేను లిస్టు నమ్మను. శాండ్‌బాక్స్ ఎల్‌పార్‌ని ముందుగా కొత్త బాక్సులో లేపి, ప్రొడక్షన్‌లో ఉండే ప్రతి స్టార్టెడ్ టాస్కునీ (వెనక నడుస్తా ఉండే ప్రోగ్రామ్) అక్కడ ఒక్కసారి స్టార్ట్ చేసి చూడండి. ఎల్‌పీఏ లిస్టు, లింక్ లిస్టు (సిస్టమ్ ప్రోగ్రామ్‌ల కోసం చూసే లైబ్రరీల జాబితాలు) తీసుకుని ఐబీఎంవి కాని లైబ్రరీలన్నీ రాసుకోండి, ఒక్కోటి ఎవరిదో కనుక్కోండి. డీఆర్ సీరియల్‌కి కూడా కీలు ఇప్పుడే అడగండి, మళ్లీ బతిమాలుకునే పని లేకుండా.

కందుకూరు కోబాల్
2025 జనవరి 19, ఉదయం 11:00

అప్లికేషన్ సైడ్ నుంచి ఒక మాట చెప్పొచ్చా. కొత్త బాక్సు వచ్చిందనగానే మా డెవలపర్లలో ఎవరో ఒకరు కంపైల్ జేసీఎల్‌లో (జాబు నడిపే స్క్రిప్టు) ఆర్చ్ (ఏ మెషీన్ స్థాయికి కోడ్ తయారుచెయ్యాలో చెప్పే ఆప్షన్) పెంచేస్తారు. కోబాల్ 6లో ఆర్చ్ 11 అంటే జడ్13, 12 అంటే జడ్14, 13 జడ్15, 14 జడ్16. 12 నుంచి ప్యాక్డ్ డెసిమల్ లెక్కలు వెక్టర్ రిజిస్టర్లలో చేస్తది, కాంప్-3 (ప్యాక్డ్ డెసిమల్) ఫీల్డులు ఎక్కువున్న మా ప్రీమియం క్యాలిక్యులేషన్ ప్రోగ్రాములు నిజంగానే వేగంగా పోతాయి, ఆశ పడటంలో తప్పు లేదు. కానీ ఆ లోడ్ మాడ్యూల్ డీఆర్‌లో ఉన్న జడ్13 మీద నడిస్తే ఆ ఇన్‌స్ట్రక్షన్ దానికి తెలీదు, ఎస్0సీ1 కొట్టి పడిపోద్ది. డ్రిల్ రోజు దాకా ఎవరికీ తెలీదు. డీఆర్ మారేదాకా ఆర్చ్ 11 దాటకూడదని కంపైల్ ప్రాక్‌లోనే లాక్ చేయించండి అన్నా, మెయిల్ పెడితే ఎవరూ చదవరు.

కావలి కుర్రోడు
2025 జనవరి 19, మధ్యాహ్నం 1:20

కందుకూరు అక్కా ఇది బంగారం లాంటి పాయింటు, మా దగ్గర ఇప్పటికే ఒకాయన ఆర్చ్ 14 పెడదాం అని మెయిల్ పెట్టున్నాడు.

అందరికీ ఇంకో ప్రశ్న. సేల్స్ వాళ్లు ఇచ్చిన కాన్ఫిగరేషన్‌లో ఇప్పుడున్న దానికంటే మొత్తం కెపాసిటీ కొంచెం ఎక్కువే, కానీ జడ్13లో మావి 7 సిరీస్‌లో 3 ఇంజిన్లు (ప్రాసెసర్లు), జడ్16లో ఇచ్చేది 5 సిరీస్‌లో ఎక్కువ ఇంజిన్లు. ధర బాగుందని మేనేజ్‌మెంట్ సంతోషంగా ఉంది. ఇందులో ఏమన్నా పేచీ ఉందా?

పెన్నా ఒడ్డు
2025 జనవరి 19, మధ్యాహ్నం 2:05

ఉంది, పెద్దదే. 4, 5, 6, 7 అనే ఆ మొదటి అంకె ఇంజిన్ స్పీడుకి గుర్తు. 7 అంటే ఫుల్ స్పీడు, 5 అంటే బాగా తగ్గించి ఇచ్చేది. మొత్తం ఎంఐపీఎస్ (కెపాసిటీ లెక్క) సమానంగా ఉన్నా ఒక్కో ఇంజిన్ నిదానం. ఆన్‌లైన్‌కి పర్లేదు, చిన్న చిన్న ట్రాన్సాక్షన్లు ఎక్కువ ఇంజిన్ల మీద పంచుకుంటాయి. కానీ రాత్రి బ్యాచ్‌లో ఒకే టాస్కుగా మూడు గంటలు నడిచే జాబు ఉందనుకో, దానికి పది ఇంజిన్లు ఇచ్చినా ఒక్కదాని మీదే నడుస్తది, ఆ ఇంజిన్ నిదానమైతే మూడు గంటలు కాస్తా పెరిగిద్ది, బ్యాచ్ విండో దాటి పొద్దున ఆన్‌లైన్ లేటు. ఎద్దులు రెండు బలంగా ఉంటే లాగే బండకి నాలుగు దూడల్ని కట్టినట్టు.

ఎస్‌ఎంఎఫ్ (సిస్టమ్ రాసుకునే లాగ్) 113 రికార్డులు, అంటే ప్రాసెసర్ కొలతలు, తీస్తన్నారా? తీయకపోతే ఇవాళే ఆన్ చెయ్. 70 నుంచి 72 దాకా ఉండే ఆర్‌ఎంఎఫ్ (పర్ఫార్మెన్స్) రికార్డులు, 113 రెండూ కలిపి, నెలాఖరు రోజులు కూడా పడేట్టు తీసి, జడ్‌పీసీఆర్ టూల్‌లో పెట్టు. అది నీ వర్క్‌లోడ్ తీరుని బట్టి కెపాసిటీ చెప్తది, సింగిల్ ఇంజిన్ స్పీడు కూడా పక్కనే కనపడుద్ది. నీ క్రిటికల్ పాత్‌లో ఉన్న పొడుగు జాబు ఏందో మాగుంట అన్నలాంటి షెడ్యూలింగ్ వాళ్లని అడుగు, దాని సీపీయూ టైము, ఎలాప్స్‌డ్ టైము పక్కపక్కన పెట్టు. సీపీయూనే ఎక్కువ తింటా ఉంటే 5 సిరీస్‌కి ఒప్పుకోవద్దు. డిస్కు కోసం ఎదురుచూస్తా ఉంటే అంత భయం లేదు.

గూడూరు జడ్
2025 జనవరి 19, రాత్రి 9:10

నమస్తే అండి, నేను ఐబీఎం జడ్ ఎక్స్‌ప్లోర్‌లో నేర్చుకుని ఆరు నెలల క్రితం సిస్ప్రాగ్ టీమ్‌లో చేరా. అన్నా మీ 3.1 స్టెప్‌కి జడ్/ఓఎస్ఎంఎఫ్‌లో (బ్రౌజర్ నుంచి జడ్/ఓఎస్‌ని చూసుకునే టూల్) అప్‌గ్రేడ్ వర్క్‌ఫ్లో ఉంటది, అది మీ సిస్టమ్‌ని చూసి ఏ స్టెప్ మీకు వర్తించదో తనే చెప్తది, మా దగ్గర వాడతన్నాం. ఎస్ఎంపీ/ఈలో (ఫిక్స్‌లు వేసే టూల్) రిపోర్ట్ మిస్సింగ్‌ఫిక్స్ కూడా నేనే రన్ చేశా, కొత్త మెషీన్‌కి ఒక ఫిక్స్ క్యాటగిరీ, 3.1 కోఎగ్జిస్టెన్స్‌కి ఇంకో ఫిక్స్ క్యాటగిరీ. నాకు ఒకటి అర్థం కాలా, కొత్త ఓఎస్ వేరే సిస్‌రెస్ (ఓఎస్ ఉండే డిస్కు) వాల్యూమ్‌లో పెట్టి ఐపీఎల్ కొడతాం కదా, మాస్టర్ కేటలాగ్‌లో (ఏది ఏ డిస్కులో ఉందో చెప్పే పట్టిక) డేటాసెట్ల ఎంట్రీలు పాత వాల్యూమ్‌నే చూపిస్తాయి కదా, మరి ఎట్టా దొరుకుతాయి?

కొత్తపట్నం రోడ్డు
2025 జనవరి 19, రాత్రి 10:00

మంచి ప్రశ్న తల్లీ. కేటలాగ్‌లో వాల్యూమ్ పేరు ఉండాల్సిన చోట ఆరు నక్షత్రాలు పెడతాం, లేదా ఆంపర్‌శాండ్ సిస్‌ఆర్1 అనే సింబల్. ఆరు నక్షత్రాలు అంటే "నేను ఏ వాల్యూమ్ మీద నుంచి ఐపీఎల్ అయ్యానో అదే" అని అర్థం. ఈసారి ఏ వాల్యూమ్‌తో లేస్తే ఎంట్రీ దాన్నే చూస్తది. సిస్‌రెస్ రెండు మూడు వాల్యూమ్‌లుగా ఉంటే రెండో దానికి సిస్‌ఆర్2 అని సింబల్ కట్టుకుని, సిస్‌ఆర్1 పేరులో ఒక అక్షరం మార్చి అది వచ్చేట్టు ఐఈఏసిమ్‌లో రాసుకుంటాం. యునిక్స్ రూట్ జడ్ఎఫ్ఎస్ (ఫైల్ సిస్టమ్) పేరులో కూడా ఆ సింబలే ఉంటది, వాల్యూమ్ మారితే రూట్ కూడా మారిపోద్ది. ఎట్‌సీ, వార్ మాత్రం సిస్టమ్‌వి, అవి సిస్‌రెస్‌తో కట్టకూడదు.

అందుకే 3.1 నుంచి 2.4కి వెనక్కి రావడం అంటే లోడ్ అడ్రస్ మార్చి ఐపీఎల్ కొట్టడమే, కానీ ఎప్పుడు? నువ్వు చెప్పిన ఆ కోఎగ్జిస్టెన్స్ పీటీఎఫ్‌లు 2.4 మీద ముందే వేసి ఉంటేనే, 3.1లో వచ్చిన కొత్త సౌకర్యాలు ఇంకా ఆన్ చెయ్యకుండా ఉంటేనే. వేస్తా వేస్తా అని వాయిదా వేస్తే వెనక్కి దారి లేనట్టే.

కావలి కుర్రోడు, నీ బాక్సు మార్పిడికి మాత్రం వెనక్కి రావడం ఇంతకంటే తేలిక, డిస్కులు అవే, ఓఎస్ అదే, పాత బాక్సు కేబుల్స్ పీకకుండా రెండు వారాలు ఉంచు. ఒకే ఒక్క జాగ్రత్త, ప్రాణం లాంటిది. రెండు బాక్సులూ అవే డిస్కులకి తగిలించి ఉన్నప్పుడు, అదే సిస్టమ్ రెండు చోట్లా లేస్తే డేటా నాశనం. పాత దాంట్లో ఎల్‌పార్‌లు డీయాక్టివేట్ చేసి, యాక్టివేషన్ ప్రొఫైల్‌లో ఆటోమేటిక్ లోడ్ తీసేసి, ఆ మెషీన్ హెచ్‌ఎంసీ (కంట్రోల్ కన్సోల్) మీద ఎవరి చెయ్యీ పడకుండా చూడు.

పెన్నా ఒడ్డు
2025 జనవరి 20, ఉదయం 6:50

ఇంకోటి, ఇది మెషీన్ సంగతి కాదు. 2021 నవంబర్‌లో మాకు ఒక చిన్న మెయింటెనెన్స్ వీకెండ్ ఉంది, అదే వీకెండ్‌లో పెన్నాకి వరదొచ్చింది, పడుగుపాడు దగ్గర రైలు పట్టాలు కొట్టుకుపోయాయి, కోవూరు దగ్గర హైవే తెగింది. కరెంటు లేదు, నెట్ లేదు, చెన్నైకి పోదామన్నా దారి లేదు. నేను డాబా మీద ఫోన్ పట్టుకుని సిగ్నల్ కోసం తిరిగా, పని మొత్తం అమెరికాలో ఒక్క మనిషి మీద పడింది. మే నెలాఖరు అంటే రోహిణి కార్తె, మన దగ్గర ట్రాన్స్‌ఫార్మర్లు పేలే టైము. ఆ మూడు రోజులూ నువ్వు కావలి ఇంట్లో కూర్చోవద్దు తమ్ముడూ. హైదరాబాద్ ఆఫీసుకి పో. రన్‌బుక్ ఇంకో మనిషి చేతిలో ప్రింట్ తీసి పెట్టు.

కావలి కుర్రోడు
2025 ఫిబ్రవరి 6, రాత్రి 11:15

మేనేజర్ ఒప్పుకున్నాడు. మేలో బాక్సు ఒక్కటే, 2.4తో. డీఆర్ బాక్సు ఆగస్టుకి జరిగింది, 3.1 అక్టోబర్‌లో కొలంబస్ డే వీకెండ్‌కి. ఒప్పించింది డీఆర్ మాటే, ఆడిట్ అనగానే అందరూ నిటారుగా కూర్చున్నారు. జడ్‌పీసీఆర్ నడిపాం, పెన్నా అన్న చెప్పినట్టే రాత్రి రిజర్వ్ లెక్కలు వేసే ఒక జాబు పూర్తిగా సీపీయూ మీదే బతుకుతంది, 5 సిరీస్ వద్దని రాసిచ్చి తక్కువ ఇంజిన్లతో 7 సిరీస్ తీసుకున్నారు. కేబుల్స్ తనిఖీలో 4 గిగ్ టేప్ లైబ్రరీ ఒకటి బయటపడింది, చీమకుర్తి అన్నకి దండం. స్విచ్ వెనక పెడతన్నారు.

కావలి కుర్రోడు
2025 మే 27, సాయంత్రం 5:30

అయింది. శనివారం రాత్రి అమెరికాలో పది, మనకి ఆదివారం పొద్దున ఏడున్నర, సిస్‌ప్లెక్స్ మొత్తం దించాం. శాండ్‌బాక్స్, టెస్ట్ రెండూ మూడు వారాల ముందే కొత్త బాక్సులో ఉన్నాయి, హెచ్‌డబ్ల్యూనేమ్ సంగతి టెస్ట్‌లోనే పట్టుకున్నాం, సార్ చెప్పకపోతే ప్రొడక్షన్‌లో తగిలేది. సీఎఫ్‌లు కొత్త పాలసీతో వెంటనే కనపడ్డాయి, మధ్యాహ్నం రెండుకి డీబీ2, సీఐసీఎస్ అన్నీ పైకొచ్చాయి. రిజర్వ్ జాబు ఇంతకుముందు కంటే ముందే అయిపోయింది.

తప్పు ఒకటి జరిగింది, అది కూడా రాస్తా, ఇంకొకరికి పనికొస్తది. సోమవారం అక్కడి బ్యాంకుకి పోవాల్సిన ఫైలు పోలేదు. జాబు అబెండ్ కాలా (ఎర్రర్‌తో పడిపోలా), హోల్డ్‌లో కూర్చుంది. ఎందుకో రెండు గంటలు ఎవరికీ తెలీలా. ఆఖరికి తేలిందేందంటే, ఎప్పుడో రాసిన ఒక సొంత అసెంబ్లర్ ఎగ్జిట్ (సిస్టమ్‌కి తగిలించిన చిన్న ప్రోగ్రామ్) ఉంది, అది సీపీయూ సీరియల్ చదివి, టేబుల్‌లో ఉన్న ప్రొడక్షన్ సీరియల్‌తో కలవకపోతే ఇది డీఆర్ డ్రిల్ అనుకుని బయటికి పోయే ఫైళ్లన్నీ ఆపేస్తది. డ్రిల్‌లో నిజం ఫైళ్లు బ్యాంకుకి పోకూడదని రాశారు, రాసినాయన మంచికే రాశాడు. మేము పార్మ్‌లిబ్, ప్రాక్‌లిబ్, రెక్స్ అన్నీ వెతికాం, అసెంబ్లర్ సోర్సు వెతకలా. ఆ సీరియల్ అక్కడ హెక్స్‌లో ఒకే ఒక్క లైన్. టేబుల్ మార్చి అసెంబుల్ చేసి ఎక్కించాం, ఫైలు సెలవు అయిపోయే లోపే పోయింది, నష్టం జరగలా.

కొత్తపట్నం రోడ్డు
2025 మే 27, సాయంత్రం 6:15

శెభాష్ అబ్బాయ్. ఆ టేబుల్‌లో పాత జడ్13 సీరియల్ ఇంకా ఉంచావా? రెండు వారాల్లోపు వెనక్కి పోవాల్సొస్తే అది కూడా ఉండాలి. ఆగస్టులో వచ్చే డీఆర్ బాక్సు సీరియల్ మాత్రం పొరపాటున కూడా అందులో వెయ్యొద్దు, వేస్తే డ్రిల్ రోజు నిజం ఫైళ్లు బ్యాంకుకి పోతాయి.

కావలి కుర్రోడు
2025 మే 27, సాయంత్రం 6:40

పాతది ఉంచా సార్. డీఆర్‌ది వేద్దామనే అనుకుంటన్నా, మీరు చెప్పబట్టి ఆగా. ఆ లైన్ పైన కామెంట్‌లో ఇదే మాట రాసి పెడతా.

గూడూరు జడ్
2025 మే 27, రాత్రి 8:05

అన్నా, మీ పోస్టు చదివి మా అసెంబ్లర్ సోర్సు లైబ్రరీల్లో సీరియల్ సెర్చ్ కొట్టా, మా దాంట్లో రెండు చోట్ల దొరికింది. మా బాక్సు మార్పు నవంబర్‌లో, రేపు మా లీడ్‌కి చూపిస్తా.